చిన్న లాప్‌టాప్‌లో వాళ్ల వేలంపాట

క్రోమ్‌లో ఏదైనా తెలుగు వార్తల సైటు తెరవండి. పేజీ పూర్తిగా వచ్చాక షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. క్రోమ్‌బుక్ అయితే సెర్చ్, ఎస్కేప్. బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మీరు తెరిచిన ట్యాబ్ ఒక వరుసలో ఉంటుంది. దానితో పాటు ‘సబ్‌ఫ్రేమ్’ అని మొదలయ్యే వరుసలు ఇంకొన్ని ఉంటాయి. డబుల్‌క్లిక్, గూగుల్ సిండికేషన్ (రెండూ గూగుల్ యాడ్ల చిరునామాలే), మనం ఎప్పుడూ పేరు వినని మరికొన్ని యాడ్ కంపెనీలు. ఒక్కోదాని ఎదురుగా అది తింటున్న మెమరీ ఎంబీల్లో కనిపిస్తుంది. మనం చదువుదామని వచ్చింది ఆ మొదటి వరుస కోసమే. మిగతావాళ్లని మనం పిలవలేదు.

16 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో ఈ పట్టికని ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోవాల్సిన అవసరమూ రాదు. 4 జీబీ ర్యామ్, సెలెరాన్ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్‌లో మాత్రం రోజంతా నడిచే కథ ఇదే. మా అక్క కూతురు డిగ్రీ చదువుతోంది. తన దగ్గర ఉన్నది అలాంటిదే. బరువు తక్కువ, బ్యాగులో పడేసుకుని బస్సెక్కొచ్చు, ఇంట్లో వాళ్లు పెట్టగలిగిన డబ్బులకి అదే వచ్చింది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు, “మామయ్యా, ఇది పాడైపోయినట్టుంది. నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, హ్యాంగ్ అయిపోతోంది. అమ్మకి చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది” అంది. ఈ పట్టికే తెరిచి చూపించాను. లాప్‌టాప్ పాడవలేదు. తనది కాని పని చేసి చేసి అలిసిపోతోంది, అంతే.

అందుకే ఈ వ్యాసం. తక్కువ ర్యామ్ ఉన్న మెషీన్ వాడేవాళ్లకి యాడ్ బ్లాకర్ అన్నది సరదాకి పెట్టుకునేది కాదని నా వాదన. ర్యామ్ ఎంత అవసరమో అదీ అంతే అవసరం. పెట్టుకున్నందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు.

ఆ సబ్‌ఫ్రేములు ఎందుకు వస్తాయో ముందు చెబుతాను. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, క్రోమ్ 67వ వెర్షన్ నుంచి ఒక పేజీలో వేరే సైటు నుంచి వచ్చే ప్రతి ఫ్రేమునీ, అంటే యాడ్ లాంటిది కూర్చునే పెట్టెని, విడి ప్రాసెస్‌లో (మెమరీలో విడి గది అనుకోండి) నడపడం మొదలుపెట్టింది. ఒక సైటు ఇంకో సైటు గుట్టు చూడకుండా అది గోడ కట్టినట్టు. మంచి ఏర్పాటే, దాన్ని తప్పుపట్టను. కానీ ఒక్కో గోడకీ ర్యామ్ ఖర్చవుతుంది. ఒక్కో ప్రాసెస్‌కి పదుల ఎంబీలు పోతాయి. ఒక వార్త చుట్టూ నాలుగు కంపెనీల యాడ్లు ఉంటే నాలుగు గదులు. అలాంటి ట్యాబులు ఐదు తెరిస్తే 4 జీబీలో ఆపరేటింగ్ సిస్టమ్ తీసుకున్నది పోగా మిగిలిన కాస్తా కరిగిపోతుంది. అప్పుడు సిస్టమ్ పాత ట్యాబులని మెమరీలోంచి తీసేస్తుంది. సగం నింపిన ఆన్‌లైన్ ఫామ్ దగ్గరికి తిరిగి వెళ్తే అది మొదట్నించీ లోడవుతుంది. నష్టపోయేది ఫామ్ నింపుతున్న పిల్ల.

యాడ్ అంటే ఒక బొమ్మ, పక్కన రెండు మాటలు అని చాలామంది అనుకుంటారు. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ సైట్లో వచ్చిన తొలి బ్యానర్ నిజంగా అంతే. ఏటీ అండ్ టీ కంపెనీ వాళ్లది, 468 పిక్సెళ్ల వెడల్పు, 60 పిక్సెళ్ల ఎత్తు. ఇప్పుడు జరిగేది వేరు. చాలా సైట్లలో పేజీ తెరుచుకోగానే ఒక జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం లేచి, ఆ ఖాళీ జాగా కోసం ఒకేసారి పలు కంపెనీలకి కబురు పంపుతుంది. చదివేది ఎవరు, ఏ ఊరు, ఇంతకుముందు ఏం చూశారు అన్న ఆనవాళ్లు అందజేస్తుంది. ధరలు వచ్చేదాకా ఆగుతుంది. ఎక్కువ పాడినవాడి యాడ్ తెచ్చి పెడుతుంది. ఆ యాడ్ ఇంకో రెండు స్క్రిప్టులు తెస్తుంది, యాడ్ తెరమీద ఎన్ని సెకన్లు కనిపించిందో లెక్కపెట్టడానికి. కాసేపయ్యాక మళ్లీ వేలం, మళ్లీ కొత్త యాడ్.

ఈ వేలంపాటకి కరెంటు, డేటా, ప్రాసెసర్ ఎవరివి? మనవి. లాభం పంచుకునే కంపెనీల్లో ఒక్కటీ ఆ ఖర్చు పెట్టుకోదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంది వ్యవహారం.

ఇది యాడ్లంటే గిట్టక నేను పెంచి చెప్పే మాట కాదు. గూగుల్ లెక్కలే ఉన్నాయి. 2020లో క్రోమ్‌లో ‘హెవీ యాడ్’లని ఆపే ఏర్పాటు తెచ్చారు. వాడేవాళ్లు ముట్టుకోని యాడ్ ఏదైనా 4 ఎంబీ డేటా దాటితే, లేదా 30 సెకన్లలో 15 సెకన్లు ప్రాసెసర్‌ని వాడేస్తే, లేదా మొత్తం 60 సెకన్లు వాడేస్తే, దాన్ని తీసేస్తారు. ఆ సందర్భంలో వాళ్లు చెప్పిన సంగతి: మొత్తం యాడ్లలో అలాంటివి 0.3 శాతమే, కానీ యాడ్లు తినే డేటాలో 27 శాతం, ప్రాసెసర్ సమయంలో 28 శాతం వాటిదే. చెప్పినందుకు సంతోషం. అయితే ఆ గీత ఎక్కడ గీశారో చూడండి. తెలుగు అక్షరం కంప్యూటర్లో 3 బైట్లు. 800 మాటల వ్యాసం అంటే అటూ ఇటుగా 20 కేబీ. 4 ఎంబీ అంటే అలాంటి వ్యాసాలు రెండు వందలు. అంత డేటా తినేదాకా ఒక యాడ్ హద్దులో ఉన్నట్టే లెక్క! మొబైల్ హాట్‌స్పాట్ మీద చదువుకునే పిల్లలకి రోజువారీ ప్యాక్ సాయంత్రానికే ఎందుకు అయిపోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

డబ్బు, ర్యామ్ సంగతి అలా ఉంచితే, నాకు అంతకన్నా పెద్ద భయం మోసాల గురించి. ఇంటర్ ఫలితాల రోజు ఒకసారి గమనించండి. హాల్ టికెట్ నంబరు కొట్టే పెట్టె పక్కనే పచ్చరంగులో ‘డౌన్‌లోడ్’ అని పెద్ద బటన్ ఉంటుంది. అది సైటుది కాదు, యాడ్. పేజీ నెమ్మదిగా వచ్చే లాప్‌టాప్‌లో పరిస్థితి ఇంకా అన్యాయం. మనం సరైన బటన్ మీదకి బాణం తీసుకెళ్లేలోపు పైన ఇంకో యాడ్ ఊడిపడుతుంది, పేజీ కిందకి జారుతుంది, నొక్కింది యాడ్ మీద పడుతుంది. వేగంగా ఉన్న మెషీన్లో ఈ జారుడు కంటికి కూడా ఆనదు. అంటే మోసపోయే అవకాశం కూడా తక్కువ డబ్బు పెట్టి కొన్నవాళ్లకే ఎక్కువ.

బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికితే పైన యాడ్ రూపంలో దొంగ నంబరు రావడం ఎక్కడో జరిగే వింత కాదు. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ దీని మీదే ప్రజలకి హెచ్చరిక ఇచ్చింది. నేరగాళ్లు పేరున్న సంస్థల్లా సెర్చ్ యాడ్లు ఇస్తున్నారు, వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడండి అని సలహా కూడా ఇచ్చింది. ఒక పోలీసు సంస్థ యాడ్ బ్లాకర్ పెట్టుకోమని చెప్పిందంటే, దాన్ని ఇంకా దొంగపనిలా చూడటంలో అర్థం లేదు. మంచి సైట్లకే వెళ్తాం కదా అనుకోవడానికీ లేదు. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ లాంటి సైట్లలోనే యాడ్ నెట్‌వర్కుల గుండా రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) దించే యాడ్లు వచ్చాయి. ఆ వేలంలో ఎవరు గెలుస్తారో సైటు యజమానికి కూడా ముందు తెలియదు.

మన దగ్గర చూస్తే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. ఆ తర్వాత కూడా, ఆన్‌లైన్ బెట్టింగ్ యాడ్లు వేయొద్దని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2022లో జూన్‌లో ఒకసారి, అక్టోబరులో మరోసారి చెప్పాల్సి వచ్చింది. వినియోగదారుల్ని మాయచేసే 13 రకాల పద్ధతుల్ని కేంద్రం 2023లో జాబితా కట్టింది. వార్తలానో బటన్‌లానో వేషం వేసుకుని వచ్చే యాడ్ ఆ జాబితాలో ఉంది. కాగితం మీద నిషేధం ఉంది. తెర మీద ఆపేది మాత్రం బ్లాకరే. డబ్బు పోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం తప్పకుండా చేయాల్సిన పని. కానీ ఆ నంబరు దాకా వెళ్లకుండా చూసుకోవడం ఇంకా తేలిక.

సరే, ఏం పెట్టుకోవాలి?

ఒక్కటే పెట్టుకోవాలి. ఈ ముక్క గట్టిగా చెబుతున్నాను. చిన్న లాప్‌టాప్‌లో మూడు బ్లాకర్లు పెట్టేవాళ్లని చూస్తుంటాను. ఒకటి వదిలేసింది ఇంకోటి పట్టుకుంటుందని ఆశ. జరిగేది ఏమిటంటే మూడూ దాదాపు అవే జాబితాలని మెమరీలో పెట్టుకుని, ప్రతి పేజీనీ మూడుసార్లు తనిఖీ చేస్తాయి. ఏ బ్లాకర్‌కైనా పునాది జాబితాలే. వాటిలో బాగా పేరున్నది 2005 నుంచి నడుస్తున్న ఈజీలిస్ట్. ఫలానా చిరునామా నుంచి వచ్చేది యాడ్ అని వరుసగా రాసిపెట్టిన నియమాలు అవి. ఆ నియమాల్ని ఎంత తక్కువ మెమరీతో నడపగలదు అన్నదాన్ని బట్టే బ్లాకర్ మంచిదో కాదో తేలుతుంది.

నేను అందరికీ పెట్టేది యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ అనే ఆయన 2014లో మొదలుపెట్టారు. మొదటి నుంచీ తక్కువ మెమరీ, తక్కువ ప్రాసెసర్ అన్నదే ఆయన లక్ష్యం. విరాళాలు కూడా తీసుకోరు. ఇది చిన్న విషయం కాదు. యాడ్ బ్లాకర్‌కి మనం తెరిచే ప్రతి పేజీనీ చూసే అనుమతి ఇస్తాం. ఆ అనుమతి ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవాలి. యాడ్‌బ్లాక్ ప్లస్ 2011 నుంచీ ‘అంగీకరించదగిన యాడ్లు’ అని, ఆపకుండా వదిలేసే యాడ్ల జాబితా ఒకటి నడుపుతోంది, అందులో ఉన్న పెద్ద కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంటుంది. ఆ సంగతి వాళ్లు దాచరు, సెట్టింగుల్లో ఆపేసుకోవచ్చు కూడా. అయినా కాపలాదారు దొంగ దగ్గర జీతం తీసుకోవడం నాకు నచ్చదు. ఇక పూర్తిగా నకిలీవి వేరే ఉన్నాయి. 2018లో అడ్‌గార్డ్ అనే యాడ్ బ్లాకర్ కంపెనీ పరిశోధకులు క్రోమ్ స్టోర్లో ఐదు దొంగ బ్లాకర్లని బయటపెట్టారు. అప్పటికే వాటిని పెట్టుకున్నవాళ్లు 2 కోట్ల పైన. పేరు, బొమ్మ ఒకేలా ఉన్నాయని పెట్టేసుకోకండి, చేసినవారి పేరు చూడండి.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ ఇక నడవదు. మేనిఫెస్ట్ వీ3 అని ఎక్స్‌టెన్షన్లకి (బ్లాకర్‌లా బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములకి) కొత్త నియమావళి పెట్టి, పాత పద్ధతిని 2024 నుంచి దశలవారీగా ఆపుకుంటూ వచ్చి, 2025 నాటికి పూర్తిగా తీసేశారు. పాత పద్ధతిలో బయటికి వెళ్లే ప్రతి అభ్యర్థననీ బ్లాకరే చూసి వద్దో కావాలో తేల్చేది. కొత్త పద్ధతిలో బ్లాకర్ ముందుగానే ఒక నియమాల జాబితా బ్రౌజర్‌కి ఇచ్చి పక్కకి తప్పుకోవాలి, తేల్చేది బ్రౌజర్. భద్రత కోసం, వేగం కోసం ఈ మార్పు అని గూగుల్ అంటుంది. అందులో నిజం లేకపోలేదు. ప్రతి పేజీనీ చూడగల ఎక్స్‌టెన్షన్ చెడ్డవాడి చేతిలో పడితే ప్రమాదమే. కానీ 2024లో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయం సుమారు 35,000 కోట్ల డాలర్లయితే అందులో నాలుగింట మూడొంతులు యాడ్ల మీద వచ్చినదే. 2025 ఏప్రిల్‌లో అమెరికా కోర్టు అదే సంస్థ యాడ్ల మార్కెట్లో చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నడిపిందని తీర్పు ఇచ్చింది. ఏ యాడ్ ఆగాలో తేల్చే అధికారం బ్లాకర్ చేతిలోంచి తీసి ఆ సంస్థ బ్రౌజర్ చేతికి ఇవ్వడాన్ని భద్రత పేరుతో నేను ఒప్పుకోలేను.

అందుకని విండోస్ లాప్‌టాప్ ఉన్నవాళ్లకి నా సలహా ఫైర్‌ఫాక్స్. అక్కడ పాత పద్ధతి ఇంకా ఉంది, యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి బలంతో నడుస్తుంది. వేరే కంపెనీ యాడ్ సైటు సొంత చిరునామా ముసుగు వేసుకుని వచ్చినా ఫైర్‌ఫాక్స్‌లో ఆ ముసుగు తీసి చూడగలదు. ఫైర్‌ఫాక్స్ నచ్చనివాళ్లకి బ్రేవ్ అనే బ్రౌజర్ ఉంది. బ్లాకర్ బ్రౌజర్‌లోనే కలిసి ఉంటుంది, క్రోమ్ అలవాటున్న చేతికి కొత్తగా అనిపించదు. వాళ్ల సొంత యాడ్లు, క్రిప్టో వాలెట్ గొడవ మాత్రం మొదటి రోజే సెట్టింగుల్లోకి వెళ్లి ఆపుకోవాలి.

క్రోమ్‌బుక్ వాళ్ల పరిస్థితి వేరు. లైనక్స్ (లోపల నడిపే మరో ఆపరేటింగ్ సిస్టమ్) తెరిచి అందులో ఫైర్‌ఫాక్స్ పెట్టుకోవచ్చు గానీ, 4 జీబీ మెషీన్లో ఆ లైనక్సే ర్యామ్ చాలా మింగుతుంది. మన పని మొదటికి వస్తుంది. అలాంటివాళ్లు క్రోమ్‌లోనే ఉండి, అదే రేమండ్ హిల్ చేసిన యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకోవాలి. కొత్త నియమావళికి లోబడి చేసింది కాబట్టి దాని బలం కొంత తక్కువ. జాబితాలు కూడా ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్ వచ్చినప్పుడే మారతాయి. కానీ ఒక లాభం ఉంది: పని బ్రౌజరే చేస్తుంది కాబట్టి అది వెనకాల ఎప్పుడూ మేలుకుని ఉండక్కర్లేదు. చిన్న మెషీన్‌కి అది హాయి. పెట్టుకున్నాక వడపోత స్థాయిని ‘ఆప్టిమల్’లో ఉంచండి, చాలు. ‘కంప్లీట్’ అన్ని సైట్లకీ అక్కర్లేదు. మేనకోడలి లాప్‌టాప్ విండోస్‌ది కాబట్టి తనకి ఫైర్‌ఫాక్సే పెట్టాను. మర్నాడు పట్టిక తనే తెరిచి చూసుకుని, “సబ్‌ఫ్రేములు ఏవీ మామయ్యా?” అంది.

డీఎన్ఎస్ దారి కూడా చెప్పాలి. సైటు పేరుని అంకెల చిరునామాగా మార్చే సేవ డీఎన్ఎస్. ఆ మార్చే దగ్గరే యాడ్ కంపెనీల పేర్లకి జవాబివ్వని సేవలు ఉన్నాయి. అడ్‌గార్డ్ డీఎన్ఎస్ ఉచితం. వైఫై సెట్టింగుల్లో నేమ్ సర్వర్ల దగ్గర 94.140.14.14, 94.140.15.15 అని రాస్తే పని అయిపోతుంది. ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు, లాప్‌టాప్ ర్యామ్ ఒక్క బైటు కూడా ఖర్చు కాదు. బ్రౌజర్ బయట ఉండే యాప్‌ల యాడ్లూ చాలావరకు ఆగుతాయి. అయితే బ్రౌజర్‌లో ‘సెక్యూర్ డీఎన్ఎస్’ అని వేరే సంస్థని ఎంచుకుని ఉంటే ఇది పనిచేయదు, దాన్ని చూసుకోవాలి. యాడ్ పోయిన చోట తెల్లటి ఖాళీ పెట్టె మిగిలిపోతుంది. యాడూ, అసలు విషయమూ ఒకే చిరునామా నుంచి వస్తే డీఎన్ఎస్ ఏమీ చేయలేదు. యూట్యూబ్ యాడ్లు దీనికి అందకపోవడానికి కారణం అదే. బ్లాకర్‌కి ఇది తోడు, బదులు కాదు.

యూట్యూబ్ అన్నాను కాబట్టి ఒక మాట. అక్కడ నా వాదన ఇంత గట్టిగా ఉండదు. మామూలు వీడియోల మీద వచ్చే యాడ్ డబ్బులో 55 శాతం చేసినవారికి వెళ్తుంది. పాఠాలు చెప్పే తెలుగు మాస్టార్లు, వంటలు చూపించే ఆడవాళ్లు ఎంతోమంది దాని మీద బతుకుతున్నారు. యాడ్ వల్ల ప్రాసెసర్ మీద పడే భారం కూడా వీడియో కన్నా పెద్ద ఎక్కువేం కాదు. ఇచ్చుకోగలిగినవాళ్లు ప్రీమియం కట్టడం మంచిదని నా ఉద్దేశం. మా ఇంట్లో కడుతున్నాం.

వార్తల సైట్ల గురించి మాత్రం, “మరి వాళ్లెలా బతకాలి?” అన్న ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. రాసేవాళ్లకి జీతాలు రావాలి. తెలుగులో మంచి రిపోర్టింగ్ ఇంకా రావాలని నేనూ కోరుకుంటాను. చదివే పత్రికకి ఏడాది చందా కడతాను, మీరూ కట్టండి. కానీ నాకు తెలిసిన పత్రికలో యాడ్ ఎప్పుడూ పేజీలో ఒక మూల ఉండేది. చీరల కొట్టు, కాలేజీ అడ్మిషన్లు, నగల షాపు. అది నా ఇంట్లోకి వచ్చి కరెంటు వాడుకోలేదు, నేను ఏం చదువుతున్నానో వెళ్లి పది కంపెనీలకి చెప్పలేదు. కావాలనుకుంటే చూశాను, లేకపోతే పేజీ తిప్పాను. ఆ యాడ్ మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ లేదు.

తెలుగు సైట్లు నడిపేవాళ్లని అడిగేది అదే. విజయవాడలోనో వరంగల్లోనో ఒక కొట్టువాళ్లతో మాట్లాడి, 40 కేబీ బొమ్మ ఒకటి తీసుకుని, మీ సర్వర్ మీదే పెట్టి, కింద ‘ప్రకటన’ అని రాయండి. స్క్రిప్టు వద్దు, వేలం వద్దు, గూఢచర్యం వద్దు. మధ్యలో దళారులకి పోయే వాటా కూడా మీకే మిగులుతుంది. అలాంటి యాడ్ చాలాసార్లు ఏ జాబితాలోనూ ఉండదు, బ్లాకర్ ఉన్నా కనిపిస్తుంది. ఒకవేళ బ్లాకర్ పొరపాటున ఆపితే, యూబ్లాక్ బొమ్మ మీద నొక్కి అందులోని పెద్ద పవర్ బటన్ ఆపేస్తాను. ఆ ఒక్క సైటుకి బ్లాకర్ పనిచేయదు, మళ్లీ నేను వేసేదాకా.